సన్నని షాఫ్ట్ మీద చెరకు కణుపులు ఎందుకు పడతాయి

లేత్ మీద 20 మి.మీ. వ్యాసం ఉన్న ఈఎన్‌8 ఉక్కు రాడ్డు. దాన్ని పట్టి తిప్పే చక్ బయట 600 మి.మీ., అవతలి కొస రివాల్వింగ్ సెంటర్ (రాడ్డుతోపాటే తిరిగే మొన) మీద. మధ్యలో డయల్ గేజ్ (కదలిక కొలిచే ముల్లు) పెట్టి బొటనవేలితో రాడ్డును వెనక్కి నొక్కి చూడండి. సుమారు పది కిలోల బలానికి ముల్లు 0.12 మి.మీ. దాకా కదులుతుంది. కట్ వేసినప్పుడు టూల్ చేసేదీ ఇదే. రాడ్డు 0.12 వెనక్కి పోతే మధ్యలో వ్యాసం 0.24 ఎక్కువ వస్తుంది. రెండు కొసలూ సైజులో ఉండి నడుము లావుగా తేలేది అందుకే. వ్యాసం సగమైతే వంపు 16 రెట్లు, పొడవు రెట్టింపైతే 8 రెట్లు. చక్‌లో ఒక్క కొసే పట్టుకుంటే వ్యాసానికి మూడు నాలుగు రెట్లు దాటి బయటకు తీయకండి. సెంటర్ ఉన్నా పది పన్నెండు రెట్లు దాటితే స్టెడీ, అంటే రాడ్డుకు ఆని వంగకుండా ఆపే ఆధారం, కావాలి.

బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో హెచ్‌ఎంటీ లేత్‌ల మీద పనిచేసే మన అనంతపురం, చిత్తూరు కుర్రాళ్లు చాలామంది ట్రావెలింగ్ స్టెడీని (టూల్‌తోపాటే జరిగేదాన్ని) అలమరలోనే ఉంచేస్తారు. "అది పెడితే ఇంకా పాడవుతుంది" అంటారు. ఆ మాటలో నిజం ఉంది, కానీ తప్పు స్టెడీది కాదు, దాన్ని బిగించే తీరుది.

టూల్‌ను మోసుకెళ్లే సాడిల్ మీద కూర్చునే ఈ స్టెడీకి రెండు జాలు (దవడలు): ఒకటి వెనక, ఒకటి పైన. టూల్ రాడ్డును వెనక్కి తోస్తుంది, పైకి లేపుతుంది, కాబట్టి ఆ రెండు వైపులే కాపలా చాలు. ముందుగా టెయిల్‌స్టాక్ (సెంటర్ బిగించి ఉండే భాగం) వైపు 20-25 మి.మీ. మేర సైజుకు తిప్పుకోవాలి. జాలు ఆ కొత్త ఉపరితలం మీదే ఆనాలి, టూల్ మొన వెనకాల 5-10 మి.మీ. దూరంలో. రాడ్డు మీద డయల్ ఆనించి వెనక జా మెల్లగా తెండి. ముల్లు వణికిన చోట ఆపి బిగించండి. 0.01 కంటే ఎక్కువ కదిలిందంటే మీరు ఆనించడం లేదు, నొక్కుతున్నారు. తర్వాత పై జా కూడా అలాగే. చేత్తో చక్ తిప్పి చూసి నూనె వేయండి.

నొక్కితే ఏమవుతుందో చూడండి. జా రాడ్డును టూల్ మీదకు తోస్తుంది, అక్కడ వ్యాసం తగ్గుతుంది. కాస్త ముందుకెళ్లాక జాలు ఆ సన్నటి చోటికి వస్తాయి, ఆనింపు పోతుంది, రాడ్డు వెనక్కి జరిగి లావుగా తెగుతుంది. ఆ లావు జాల కిందకు రాగానే మళ్లీ తోపు. ఇలా ఒకదాని తర్వాత ఒకటి, అచ్చం చెరకు గడ కణుపుల్లా. కంటికి ఆనకపోయినా వేలి గోరుతో నిమిరితే తెలుస్తుంది. కణుపుల మధ్య దూరం టూల్‌కూ జాలకూ ఉన్న దూరానికి దగ్గరగా ఉంటే తప్పు జాలదే. ప్రతి కట్ తర్వాత వ్యాసం మారుతుంది, కాబట్టి జాలు మళ్లీ సెట్ చేయాల్సిందే. ఎక్కువమంది వదిలేసేది ఈ ఒక్క పనే.

టూల్ విషయం. కట్టింగ్ అంచు రాడ్డుకు 90 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి, నోస్ రేడియస్ (టూల్ మొన గుండ్రదనం) 0.4 మి.మీ. చాలు. 0.8 పెట్టి 0.2 కట్ వేస్తే మొన తెగ్గోయడం తక్కువ, వెనక్కి తోయడం ఎక్కువ. ఫినిషింగ్ కట్ కూడా నోస్ రేడియస్ కంటే లోతుగా ఉండేలా ముందే లెక్క వేసుకోండి.

వేడి గురించి చాలామంది ఆలోచించరు. 600 మి.మీ. ఉక్కు 30 డిగ్రీలు వేడెక్కితే 0.2 మి.మీ. సాగుతుంది. సెంటర్ గట్టిగా బిగించి ఉంటే ఆ సాగుడు విల్లులా వంగుతుంది. ఒక్కో కట్ అయ్యాక టెయిల్‌స్టాక్ చక్రం వదులు చేసి రెండు వేళ్లతో మళ్లీ బిగించండి, కూలెంట్ ఆపకండి. స్ప్రింగ్ ఉన్న సెంటర్ దొరికితే ఇంకా మేలు. అప్పుడు ఫీడ్‌ను చక్ నుంచి టెయిల్‌స్టాక్ వైపు నడిపి చూడండి: టూల్‌కూ చక్‌కూ మధ్య రాడ్డు లాగినట్టు నిటారుగా ఉంటుంది, చాటర్ (కోతలో వణుకు) తగ్గుతుంది. ఆ దిశకు తగ్గ టూల్ కావాలి, స్టెడీ జాలు కూడా చక్ వైపుకు మారాలి.

బ్రైట్ బార్‌కు (చల్లగానే లాగి నునుపు చేసిన రాడ్డుకు) మరో చిక్కు. పై పొర తీయగానే లోపలి బిగువు సడలి అది తనంతట తానే వంగుతుంది. రఫింగ్ (మొదటి ముతక కోతలు) అయ్యాక సెంటర్ తీసి రాడ్డును చేత్తో తిప్పి ఎంత ఊగుతుందో చూడండి, అవసరమైతే సరిచేశాకే ఫినిష్‌కు వెళ్లండి. వంకర రాడ్డును ఏ స్టెడీ నిటారు చేయదు.

బెడ్ మీద బిగించే మూడు జాల స్టెడీ వేరే పనికి: కొసకు రంధ్రం వేయడం, ఫేసింగ్ (కొస ముఖాన్ని చదును చేయడం). దాన్ని ముందు చక్ పక్కనే, రాడ్డు నిక్కంగా తిరిగే చోట సెట్ చేసి తర్వాత కొసకు జరపండి. స్టెడీ జాలు లేత్ మధ్యరేఖ నుంచి తప్పితే రాడ్డు తిరిగేకొద్దీ చక్ జాల లోంచి మెల్లమెల్లగా బయటకు పాకుతుంది, పూర్తిగా ఊడితే కొరడాలా కొడుతుంది. చక్ జా అంచున రాడ్డు మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి. ఆ గీత అర మిల్లీమీటరు జరిగినా వెంటనే ఆపండి.