కొండవాలు ఎర్రమట్టి

శేషాచలం వాలుల్లో చాలాచోట్ల మట్టి మూరెడు లోతు కూడా ఉండదు. కింద క్వార్ట్‌జైట్ రాయి, పైన గులకరాళ్లు కలిసిన ఎర్రమట్టి. తడిపి పిడికిట్లో పిసికితే ముద్ద కట్టదు, వేళ్ల సందుల్లోంచి గరగరమంటూ రాలిపోతుంది. ఆ ఎరుపు ఇనుము తుప్పుది, లోపల గాలి ఆడుతోందని గుర్తు. నీళ్లు నిలిచే నేలైతే బూడిదరంగు మచ్చలు కనిపిస్తాయి.

ఎర్రచందనం కోరుకునేది ఇలాంటి నేలనే. తిరుపతి చుట్టుపక్కల బంకమట్టి చేలల్లో నాటాలనుకునేవాళ్లు దయచేసి ముందు అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. ఇంకిపోయాక మళ్లీ నింపి, గంటలో ఎంత దిగిందో కొలవండి. 1 నుంచి 3 అంగుళాలైతే మంచిది. అంగుళం కూడా దిగకపోతే వేరు కుళ్లే ప్రమాదముంది, మట్టి ఎత్తుగా పోసి నాటండి.

వాలు మీద మాత్రం రాలిన ఆకు ఊడ్చేయకండి. అది లేకపోతే జడివానకు ఆ పలచటి మట్టి కూడా కొట్టుకుపోతుంది.