బ్యాలెన్స్ సాధన: పన్నెండు వారాల చిట్టా

మొదటి రోజు వ్యాయామం లేదు, కొలతలే. చేతులున్న కుర్చీలోంచి లేచి, 3 మీటర్ల దూరాన నేలకు అంటించిన టేపు దాకా మామూలు నడకతో వెళ్లి, తిరిగొచ్చి కూర్చునేదాకా స్టాప్‌వాచ్ నడవాలి. పెద్ద వయసువారికి 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. రోజూ చేతికర్ర వాడేవారు కర్రతోనే నడవాలి. మంచి అంకె కోసం గబగబా నడిస్తే ఆ కొలత దండగ.

రెండో కొలత నిలబడటం. పాదాలు పక్కపక్కన ఆనించి 10 సెకన్లు. తర్వాత ఒకటి కాస్త ముందుకు జరిపి, దాని లోపలి వంపుకు వెనక బొటనవేలు తగిలేలా. ఆపైన మడమకు వేళ్లు ఆనించి, రెండు పాదాలూ ఒకే గీత మీద. చివరికి ఒంటికాలు. మూడోది, అంటే ఒకే గీత మీద నిలబడటం, 10 సెకన్లు నిలవకపోతే సాధన రెండోదాని దగ్గరే మొదలు.

1, 2 వారాలు: ముందు కదలని వంటింటి గట్టు, వెనక గోడకు ఆనించిన కుర్చీ, పక్కన ఒక మనిషి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీని ఆసరాగా పట్టుకోవద్దు, మనిషితోపాటే అదీ ఒరుగుతుంది. సాక్సులు వద్దు. మడమలు ఎత్తడం 10, వేళ్లు ఎత్తడం 10, కుర్చీలోంచి లేచి కూర్చోవడం 5. ఇదంతా రెండుసార్లు, వారానికి మూడు రోజులు. ఇక్కడ జరిగే తప్పు ఒకటే: బరువంతా అరచేతుల మీద వాలడం. అప్పుడు పిక్కలు పని మానేస్తాయి, లెక్క మాత్రం పెరుగుతుంది.

3 నుంచి 5: మొదటి రోజు కొలిచిన తీరుల్లోనే నిలబడుతూ ఆసరా తగ్గించే వారాలు. రెండు చేతులు, ఒక చెయ్యి, రెండు వేళ్లు, ఆ తర్వాత గట్టుకు తగలకుండా పైన గాల్లో ఉంచిన చెయ్యి. ఏ మెట్టయినా 10 సెకన్లు మూడుసార్లు తూలకుండా నిలిచాకే తర్వాతిది. పాదాలు దగ్గరకు జరిపిన రోజు చేతి ఆసరా మళ్లీ పెంచాలి. రెండూ ఒకేసారి కష్టం చేస్తే ఏది తడబడిందో తెలియదు. చిట్టాలో సెకన్ల పక్కన ‘ఎన్ని వేళ్లు’ అని ఒక గడి ఉండాలి. అది లేకుంటే 10 సెకన్లు అన్న మాటకు అర్థమే లేదు.

6 నుంచి 9: కదలిక. గోడ వెంట మడమకు వేళ్లు ఆనిస్తూ 10 అడుగులు, పక్కకు 10, వెనక్కి 10. ఒంటిని నిలబెట్టేవి కళ్లు, లోపలి చెవి, అరికాలి స్పర్శ. చూపు ఒకచోట గుచ్చి నిలబడితే భారమంతా కళ్లదే. అందుకే నడుస్తూ తల నెమ్మదిగా కుడికీ ఎడమకూ తిప్పడం. కళ్లు మూసుకోవడం చివర్లో, అదీ గది మూలలో, ముందు కుర్చీ పెట్టుకుని. షుగర్ వల్ల అరికాళ్లు మొద్దుబారినవారికి ఇది అసలే వద్దు: కళ్లు మూస్తే మిగిలేది చెవి ఒక్కటే.

మలుపు మీద విడిగా సాధన కావాలి. ఒక పాదం నేలకు పాతి ఒళ్లు తిప్పేస్తే కాళ్లు మెలిక పడతాయి. నాలుగైదు చిన్న అడుగులతో వంపుగా తిరగాలి. దగ్గరి చూపు అద్దాలు కలిసిన కళ్లజోడుతో కిందికి చూస్తే మెట్టు అంచు అలుక్కుపోతుంది, నడకకు దూరపు చూపు జోడు వేరుగా ఉంటే మేలు.

10 నుంచి 12: నడుస్తూ 100 నుంచి మూడేసి తగ్గిస్తూ పైకి వినిపించేలా లెక్కపెట్టడం. లెక్క తప్పితే ఫరవాలేదు. అడుగు ఆగిపోతే మాత్రం చిట్టాకెక్కాలి. నడక ఇంకా తనంతట తాను సాగడం లేదన్నమాట.

లేవగానే కళ్లు తిరిగితే అది ఈ సాధనతో పోయేది కాదు. పడుకుని ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే సాధన ఆపి, వాడే మందుల చీటీతో డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

పన్నెండో వారం చివర మళ్లీ మొదటి రోజు కొలతలే, అదే కుర్చీ, అవే చెప్పులు, రోజులో అదే వేళ. కుర్చీ ఎత్తు మారినా పాత అంకెతో పోల్చడానికి లేదు.