పదివేలకి పిల్లల పుస్తకాలు ఏరిన తీరు: నా అనుభవం

మా ఉన్నత పాఠశాల గ్రంథాలయానికి ఈసారి చేతికొచ్చింది పదివేలు. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం కింద బడి స్థాయిని బట్టి ఐదు వేల నుంచి ఇరవై వేల దాకా గ్రంథాలయ నిధి ఇస్తారు, మాది మధ్యస్తం. పుస్తకాలు కావాల్సింది ఆరు, ఏడు తరగతులకి, ఆవరణలోనే ఉన్న ప్రాథమిక పాఠశాలలో నాలుగు, ఐదు చదివేవాళ్ళకి. అంటే ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ దాకా ఉన్నవాళ్ళు. తెలుగులో పుస్తకాలు ఏరడం కష్టమయ్యేది సరిగ్గా ఈ వయసుకే. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు ఇప్పుడు బాగానే దొరుకుతున్నాయి. పెద్దవాళ్ళ నవలల సంగతి చెప్పక్కర్లేదు. ఆ రెంటికీ నడుమ, నలభై పేజీల నుంచి నూట ఇరవై పేజీల దాకా ఒకే కథ సాగుతూ అక్కడక్కడా బొమ్మలుండే పుస్తకాలు మాత్రం పనిగట్టుకుని వెతుక్కోవాలి. వెతక్కుండా కొంటే బీరువా నిండా నీతికథల సంపుటాలు చేరతాయి.

పుస్తకాల కంటే ముందు చదివేవాళ్ళని చూశాను. పల్లె పిల్లలకి చదవడం ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే 2005 నుంచి వాడుతున్న పద్ధతి దీనికి చక్కగా సరిపోతుంది: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే మనిషికి మూడు నిమిషాలు. ముప్ఫై మంది ఉన్న తరగతికి రెండు పీరియడ్లు చాలు. ఆరో తరగతిలోనూ పేరా దగ్గరే ఆగిపోయేవాళ్ళు తేలతారు. చాలామంది పొరబడేది ఇక్కడే. చదవడం రాదు కాబట్టి ఒకటో తరగతి పుస్తకం చేతిలో పెడతారు. పన్నెండేళ్ళ పిల్లాడు కుందేలు పిల్ల బొమ్మ ఉన్న అట్టని తోటివాళ్ళ ముందు పట్టుకోడు, సంచిలో దాచేస్తాడు. వాడికి కావాల్సింది తేలిక భాషలో పెద్ద సంగతి: పాములు, రైళ్ళు, క్రికెట్టు, దెయ్యాలు, బావిలో పడ్డ దూడని తాళ్ళు కట్టి ఎలా తీశారన్నది. పేజీకి నాలుగు వాక్యాలు, బొమ్మలో మనుషులు మాత్రం వాడి ఈడువాళ్ళు. ఇలాంటివి తక్కువ. కనబడినప్పుడు బేరమాడకుండా తీసుకున్నాను.

ఇక ఏ పుస్తకం ఎవరికి అన్నది. ఇంగ్లీషు పుస్తకాలకి ఐదు వేళ్ళ పరీక్ష అని ఒకటి చెబుతారు. ఒక పేజీ చదివించి, రాని మాట తగిలినప్పుడల్లా ఒక వేలు ముడవమంటారు. ఐదూ ముడుచుకుంటే ఆ పుస్తకం బరువని లెక్క. తెలుగుకి ఇది ఉన్నదున్నట్టు పనికిరాదు. మనం రాసినట్టే పలుకుతాం. గుణింతాలూ వత్తులూ పట్టుబడ్డ పిల్ల ‘నిర్విరామంగా’ అన్న మాటని తడుముకోకుండా చదివేస్తుంది, అర్థం మాత్రం తెలియదు. వేలు ముడవదు, గొంతు ఆగదు, పక్కనున్న మనం భేష్ అనుకుంటాం. ఇంకో చిక్కు మాటల లెక్కలో ఉంది. ‘వెళ్ళాల్సొచ్చినప్పుడల్లా’ మనకి ఒక్క మాట, ఇంగ్లీషులో అయితే ఐదారు. కాబట్టి మన పేజీలో మాటలు తక్కువున్నా బరువు తక్కువని కాదు.

అందుకని పరీక్షని కొంచెం మార్చుకున్నాను. పదో పేజీ తీయిస్తాను, మరీ సన్న పుస్తకమైతే ఎనిమిదోది. మొదటి పేజీని రచయిత చెక్కి చెక్కి రాస్తాడు, అసలు భాష బయటపడేది కథ నడకలో పడ్డాక. ఓ యాభై మాటలు పైకి చదివించి, పుస్తకం మూసి ‘ఏం జరిగింది?’ అని అడుగుతాను. చెప్పగలిగితే, నాకు అనుమానమున్న మాటలు నాలుగైదు తీసి వాటి అర్థం అడుగుతాను. రెండు తెలియకపోతే ఫరవాలేదు, కొత్త మాటలు రావాల్సిందే. నాలుగు తెలియకపోతే ఆ పుస్తకం పిల్లలు సొంతంగా చదువుకునే వరుసలోంచి తీసి, నేను చదివి వినిపించే వరుసలో పెడతాను. కొనడం మానను. చివరగా ఏమీ అనకుండా పుస్తకం వాళ్ళ చేతికే ఇచ్చి ఊరుకుంటాను. పిల్ల తనంతట తాను పేజీ తిప్పిందా, నా మొహం చూసిందా? నా నోటుబుక్కులో టిక్కు పడేది దాన్ని బట్టే.

పరీక్షకి పుస్తకాలు ముందే కొననక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో తెచ్చిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు ఒకటి నుంచి నాలుగు స్థాయిలుగా విడదీసి ఉంటాయి. డబ్బు కట్టక్కర్లేదు, అచ్చు వేసుకోవచ్చు. మూడు, నాలుగు స్థాయిల్లోంచి ఆరు కథలు తీసి, నలుపు తెలుపులో ప్రింటు తీసి, వారం రోజులు తిప్పాను. నవ్వొచ్చేది ఒకటి, భయపెట్టేది ఒకటి, జంతువులది, సైన్సుది, బడి గొడవలది, రాజుల కాలంది. ఏది నలిగిందో, ఏది ఇస్త్రీ మడతతో తిరిగొచ్చిందో చూస్తే జాబితా సగం తయారైనట్టే. సైన్సు కథ నేను అనుకున్నదానికంటే ఎక్కువ నలిగింది. కథలంటే పెదవి విరిచే పిల్లలు పురుగులు, పక్షులు, చేసి చూసే ప్రయోగాలు అంటే వస్తారు. జన విజ్ఞాన వేదిక నెలనెలా తెచ్చే పిల్లల సైన్సు పత్రిక చెకుముకిని అందుకే ఈ వరుసలోనే చేర్చాను.

అచ్చు సంగతికి ఇంత చోటు ఎందుకని అనిపించవచ్చు. తెలుగు అక్షరం కింద వత్తు, పైన గుడి. వరుసల మధ్య ఖాళీ లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుకుంటుంది, కళ్ళు వరుస తప్పుతాయి. అట్ట మీద అచ్చు సైజు రాయరు కాబట్టి స్కేలు తీసుకెళ్ళాను. పేజీ మీద పది సెంటీమీటర్ల ఎత్తులో వరుసలు లెక్కపెట్టాలి. పన్నెండు ఉంటే నాలుగో తరగతికి హాయి. పద్నాలుగు ఉంటే ఆరు, ఏడు వాళ్ళకి సరి. పదిహేడు, పద్దెనిమిది ఉన్నాయంటే అది పెద్దల పుస్తకం, అట్ట మీద ఎన్ని ఏనుగులున్నా సరే. పాత అను ఫాంట్లలో కంపోజ్ చేసినదాన్ని యూనికోడ్‌లోకి మార్చి, ప్రూఫు చూడకుండా అచ్చేసిన పుస్తకాల్లో వత్తులు ఎగిరిపోయి, క్రావడులు పక్క అక్షరానికి అంటుకుని ఉంటాయి. పెద్దవాళ్ళం సర్దుకుని చదివేస్తాం, మనకి కనబడవు కూడా. పిల్ల అక్కడే ఆగిపోతుంది. ఒక పేజీలో అలాంటివి రెండు దొరికితే ఆ పుస్తకం పక్కన పెట్టేశాను. ‘ళ్ళ’ బదులు ‘ళ్ల’ రాయడం వేరే సంగతి, అది తప్పు కాదు, ప్రచురణకర్తల అలవాటు.

ఈ వయసు పుస్తకాల్లో అనువాదాలు చాలా ఉంటాయి, కాబట్టి వాటికి విడిగా ఒక చూపు. పైకి చదివితే తెలిసిపోతుంది. ‘అతని చేత తలుపు తెరవబడింది. అతను తన కళ్ళతో ఆకాశాన్ని చూశాడు’ అని ఉంటే వెనక్కి పెట్టేయడమే. మనం ‘తలుపు తీసి ఆకాశం కేసి చూశాడు’ అంటాం. నేను ముఖ్యంగా పట్టుకునే గుర్తు ఇంకొకటి ఉంది: ఎనిమిదేళ్ళ పిల్లని ‘ఆమె’ అనడం. పిల్లల నోట ‘ఆమె’ అంటే టీచరమ్మో పక్కింటి పెద్దావిడో. కథలోని పాప ‘ఆమె’ అయ్యేసరికి చదివే పిల్లకి బొమ్మ చెదిరిపోతుంది, ఎవరి గురించి చెబుతున్నారని వెనక్కి వెళ్ళి చూస్తుంది. మంచి అనువాదకులు ‘ఆ పిల్ల’ అనో పేరుతోనో నెట్టుకొస్తారు, లేదా క్రియకే వదిలేస్తారు. ‘పరిగెత్తింది’ అంటే చాలదూ.

యాసలో రాసిన కథలు కూడా తీసుకున్నాను, అయితే ఒక ఎరుకతో. ఇంట్లో అచ్చం అలాగే మాట్లాడే పిల్ల కూడా ‘యాడికి వోతున్నవ్’ని కాగితం మీద చూడగానే తడబడుతుంది. చెవికి తెలిసిన మాట, కంటికి కొత్త. పాఠ్యపుస్తకం నేర్పిన రూపం వేరు కదా. నేను మొదటి నాలుగు పేజీలు చదివి వినిపించి ఇస్తే మిగతాది నవ్వుకుంటూ వాళ్ళే లాగించేశారు. చదివి వినిపించకుండా అరలో పెట్టినవి కదలనే లేదు. గ్రాంథికం సంగతి వేరు. ‘చేసెను, పోయెను’ వరకు పిల్లలు సర్దుకుంటారు, పొడుగు సంధులుంటే సర్దుకోరు.

కథలో ఏముందో చూడటానికి ఆఖరి పేజీ ముందు చదువుతాను. ‘కాబట్టి పిల్లలూ’ అని మొదలైతే సగం మార్కులు పోయినట్టే. నల్లటి రంగుని, కుంటితనాన్ని, నత్తిని నవ్వులాటకి వాడుకున్నవి, గయ్యాళి పెళ్ళాం మీదే నడిచే హాస్యం తీసేశాను. చావు ఉందనో, దెయ్యం ఉందనో, పిల్లలు పెద్దవాళ్ళకి ఎదురు చెప్పారనో మాత్రం దేన్నీ తీయలేదు. అవి తీసేస్తే ఈ వయసు వాళ్ళు చదవడానికి మిగిలేదేముంది? పెద్దలు అభిమానంతో పాత చందమామ బైండులు ఇస్తామంటారు. 1947 నుంచి ఎన్నో తరాలు చదివిన పత్రిక, కాదనలేం. తీసుకున్నాను, పైకి చదవడానికి ధారావాహికలు బాగుంటాయి. కానీ మన చిన్నప్పటి ఇష్టాన్ని వాళ్ళ ఇష్టంగా రాసుకుంటే లెక్క తప్పుతుంది.

డబ్బు ఇలా పంచాను. అట్టల ప్లాస్టిక్కు, టేపు, రిజిస్టరుకి 700. రవాణాకి 500. మిగిలిన 8,800లో మొదటి విడత 5,500, రెండో విడతకి 3,300 దాచాను. మొదటి విడతలో 24 పేజీల సన్న పుస్తకాలు నలభై, సగటున 45 రూపాయలు. యాభై నుంచి తొంభై పేజీల నడిమి రకం ముప్ఫై, ఒక్కోటి 80 చొప్పున. లావువి ఎనిమిది, ఒక్కోటి 150. మొత్తం 5,400. ఇవన్నీ తగ్గింపు పోగా ధరలు. ఒకేసారి పదివేలూ ఖర్చు పెట్టేస్తే తప్పు దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

దొరికే చోట్లు: నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం, సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ, హైదరాబాద్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, చెన్నైలోని తూలిక ప్రచురణ సంస్థ. తూలికలో తెలుగు, ఇంగ్లీషు రెండూ పక్కపక్కన ఉన్నవి ఉన్నాయి. రెండు భాషల పాఠ్యపుస్తకాలకి అలవాటుపడ్డ పిల్లలకి అవి చేతికి ఇట్టే నప్పుతాయి. పేజీలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం సగం చేసుకోవాలి. డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలకి వెళ్ళగలిగితే అన్నీ చేత్తో తిప్పి చూసుకోవచ్చు. తెలుగు పిల్లల పుస్తకాలు ఒకసారి అయిపోతే మళ్ళీ అచ్చు ఎప్పుడో తెలియదు, అందుకని కావాల్సినవాటికంటే పాతిక శాతం ఎక్కువ పేర్లు రాసుకెళ్ళాలి. ‘పది పుస్తకాల సెట్టు, సగం ధర’ దగ్గర ఒకసారి నేనూ జారాను. లోపల పదింటికీ ఒకే బొమ్మలు, మూడు కథలు పేరు మార్చి రెండుసార్లు వేశారు. విడిగా అమ్మనంటే వద్దనడమే మేలు. అచ్చు పుస్తకాలకి జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే అడగాలి. బిల్లు ప్రధానోపాధ్యాయుల పేరు మీద, పుస్తకాల పేర్లతో సహా ఉండాలి. ‘బుక్స్ అసార్టెడ్’ (రకరకాల పుస్తకాలు) అని మాత్రమే ఉంటే, నిధి ఖర్చుకి ఇవ్వాల్సిన వినియోగ ధ్రువపత్రం దగ్గర ఇబ్బంది.

డబ్బు కట్టే ముందు ప్రతి కాపీ చేతిలోకి తీసుకున్నాను. పుస్తకం పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతుంది. కాబట్టి 16, 32, 48 దాటేచోట తిప్పితే చాలు, ఫారం జారిందా, ఒకటే రెండుసార్లు పడిందా తెలిసిపోతుంది. ఒక పుస్తకంలో 32 తర్వాత మళ్ళీ 17 వచ్చింది. సన్నవాటికి నడిమి పిన్ను సరిపోతుంది, తుప్పు లేకుండా చూసుకోవాలి. లావువాటిని మధ్యకి తెరిచి బల్ల మీద అదమాలి. జిగురు చిటపటమంటే అది ముప్ఫై చేతులు మారేసరికి విడిపోతుంది. కుట్టు ఉన్నది పది రూపాయలు ఎక్కువైనా అదే తీసుకున్నాను.

బడికి వచ్చాక ఖాకీ అట్ట వేయలేదు. బొమ్మ కనబడకపోతే పుస్తకం ఎవరూ తీయరు. పారదర్శక ప్లాస్టిక్కు, వెన్నుకి రెండంగుళాల టేపు. సన్నవాటిని బీరువాలో పెట్టకుండా తరగతి గోడకి కట్టిన దండెం మీద బట్టల క్లిప్పులతో వేలాడదీశాను, అట్ట బయటికి కనబడేలా.

రెండు నెలలకి రిజిస్టరు ముందు పెట్టుకున్నాను. ఒక్కసారీ ఎవరూ తీసుకెళ్ళనివి పదకొండు, వాటిలో ఆరు నాకు బాగా నచ్చి కొన్నవి. మర్నాడే తిరిగొచ్చినవాటికి పక్కన చుక్క పెట్టి, పిల్లలనే అడిగాను: అయిపోయిందా, వదిలేశావా? నడిమి రకంలో ఒక నవ్వు పుస్తకానికి తొమ్మిది మంది వరుసలో ఉన్నారు. మిగిలిన 3,300లో మొదట కొన్నది దానివే ఇంకో రెండు కాపీలు, తర్వాత అదే రచయితవి దొరికినన్ని.