డేటాషీట్‌లోని రెండో వోల్టేజి

పాడైపోయిన ఒక స్విచింగ్ పవర్ సప్లై (మెయిన్స్ ఏసీని తక్కువ వోల్టుల డీసీగా మార్చే బోర్డు) రిపేరు చేస్తున్నాను. నిన్న రాత్రి అది గంటసేపు పూర్తి లోడ్ మీద నడిచింది. నాలుగు ట్రాన్సిస్టర్లు పోయాక వచ్చిన ఫలితం ఇది, అందుకే వెంటనే రాస్తున్నాను.

ఫ్యూజు, ఏసీని డీసీ చేసే (రెక్టిఫై చేసే) బ్రిడ్జ్ డయోడ్లు మార్చడం అరగంట పని. ఆ డీసీని వేగంగా ఆన్, ఆఫ్ చేసే స్విచింగ్ ట్రాన్సిస్టర్ ఎమ్‌జెఈ13007 కూడా షార్ట్ అయింది. అదే నంబరు కొత్తది వేశాను. స్విచ్ వేసిన రెండు సెకన్లకు ఠప్పుమంది. రెండోదీ అంతే.

230 వోల్టుల ఏసీ రెక్టిఫై అయితే 325 వోల్టుల డీసీ. ట్రాన్సిస్టర్ ఆఫ్ అయినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మరో 100 దాకా తోడవుతుంది, దాని మీద లీకేజ్ ఇండక్టెన్స్ స్పైకు (ట్రాన్స్‌ఫార్మర్ చుట్లలో మిగిలిన శక్తి వల్ల క్షణంపాటు ఎగిసే వోల్టేజి). ఎంత లెక్క వేసినా 550 దాటడం లేదు. ట్రాన్సిస్టర్ తయారీదారు ఇచ్చే వివరాల పత్రం, అంటే డేటాషీట్‌లో, 700 వోల్టుల దాకా తట్టుకుంటుందని స్పష్టంగా ఉంది. మరి ఎందుకు పోతోంది?

ఒక సీనియర్‌ని అడిగితే, "ఎక్కువ ఆంపియర్లది వెయ్యి, నీ సోల్డరింగ్ కూడా చూసుకో" అని అందరి ముందూ అన్నాడు. తల కొట్టేసినట్టయింది. 12 ఆంపియర్ల 13009 వేశాను. అది ఇంకా త్వరగా పోయింది. కాలిపోయిన పార్టు స్థానంలో పెద్ద పార్టు వేయమనేవాళ్ల మాట దయచేసి వినకండి. పెద్ద ట్రాన్సిస్టర్‌కి బేస్ డ్రైవ్ (దాన్ని ఆన్, ఆఫ్ చేసే బేస్ అనే కాలికి ఇచ్చే కరెంటు) కూడా ఎక్కువే కావాలి.

నాలుగోది కూడా పోయాక డేటాషీట్ అక్షరం అక్షరం చదివాను. ఆ 700 బేస్‌ను ఎమిటర్ అనే మరో కాలి కంటే మైనస్‌లో ఉంచినప్పటి రేటింగు. బేస్ ఓపెన్‌గా ఉంటే 400 మాత్రమే. అంటే ఆఫ్ అయ్యే క్షణంలో బేస్‌ను మైనస్‌కు లాగి, లోపల నిల్వ ఉన్న ఛార్జిని తోడేయాలి. నా బోర్డులో ఆ పని బేస్ దారిలోని చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌ది. మామూలు మీటరులో దాని విలువ బాగానే చూపించింది. ఈఎస్‌ఆర్ మీటర్ (కెపాసిటర్ లోపలి నిరోధాన్ని కొలిచేది) పెడితే ఎండిపోయిందని తెలిసింది. మూడు రోజులు నేను మారుస్తూ వచ్చింది ట్రాన్సిస్టర్లను, దోషం ఉన్నది ఆ కెపాసిటర్‌లో.

కొత్తగా డిజైన్ చేసేవాళ్లు మాస్‌ఫెట్ (బేస్ కరెంటుతో కాక గేటు వోల్టేజితో నడిచే ట్రాన్సిస్టర్) వేస్తే ఈ బేస్ బాధ ఉండదు. కానీ ఇన్‌పుట్ 265 వోల్టుల దాకా వెళ్లేచోట డీసీ 375 అవుతుంది, అక్కడ 600 వోల్టులదానితో సరిపెట్టుకోకండి. నేనైతే 800 వోల్టులదే వేస్తాను.

కెపాసిటర్ మార్చి, ఐదో ట్రాన్సిస్టర్ బిగించి, మెయిన్స్‌కు సిరీస్‌లో 60 వాట్ల బల్బు పెట్టాను; ఇంకా షార్ట్ ఉంటే అది వెలుగుతూనే ఉంటుంది. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. అవుట్‌పుట్‌లో 12 వోల్టులు.