330 రూపాయల తేడా అనుకున్నాను

నియామక ఉత్తర్వు 2023 చివర్లో ఒక సాయంత్రం వచ్చింది. గుంటూరులో మేమున్న అద్దె ఇంటి వరండాలో అత్తయ్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. "ఉద్యోగం వచ్చింది అత్తయ్యా, గాంధీధామ్ దగ్గర" అన్నాను. "అదెక్కడ, ఒంగోలు దాటాకా?" అని అడిగారు. గుజరాత్‌లో కచ్ జిల్లా అని చెప్పి, ఫోనులో మ్యాపు తెరిచి, ఆ పైన ఉన్నది పాకిస్తాన్ సరిహద్దని చూపించాను. ఆవిడ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

అప్పటికి తొమ్మిదేళ్లుగా ఒక ప్రైవేటు పాఠశాలలో సైన్సు చెబుతున్నాను. చేతికి వచ్చేది 24,000. వేసవిలో పిల్లల్ని చేర్పించమని ఇంటింటికీ తిరగటం కూడా ఆ జీతంలో భాగమే. కేంద్రీయ విద్యాలయాల్లో 13 వేలకు పైగా పోస్టులకు 2022 డిసెంబరులో ప్రకటన వస్తే దరఖాస్తు చేశాను. రాత పరీక్ష, డెమో క్లాసు, ఇంటర్వ్యూ అయ్యాయి. దేశంలో ఎక్కడ వేసినా వెళ్తానని దరఖాస్తులో ఒప్పుకున్నాను, కానీ ఆ మాట నిజంగా అమలవుతుందని అప్పుడు అనుకోలేదు.

మొదటి అడ్డుపుల్ల అక్కే వేసింది. అక్క పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటు. "నీ మూలవేతనం ఎంత రాశారు?" అంది. కేంద్ర జీతాల పట్టికలో లెవెల్ 7, 44,900 అని చెప్పాను. "ఇక్కడ కొత్తగా చేరే స్కూల్ అసిస్టెంటుకు 44,570. ముక్కు మూసుకుని రాష్ట్ర టీచరు పోస్టుల డీఎస్సీ రాసుకోక, 330 రూపాయల కోసం రెండు రాత్రులు రైలెక్కి పోతావా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మా అమ్మాయి పాత నోటుబుక్కులో మిగిలిన పేజీలు తీసుకుని లెక్క వేయటం మొదలుపెట్టాను. రాష్ట్రం మారాలా వద్దా అని ఊగిసలాడే ఉపాధ్యాయులకు ఈ లెక్క కొంతైనా పనికివస్తుందనే ఇదంతా రాస్తున్నాను.

మూలవేతనాలు పక్కపక్కన పెట్టి చూడటమే మా ఇద్దరి పొరపాటు. ఆంధ్రప్రదేశ్ 2022లో ఇచ్చిన స్కేళ్లలో, 2018 జులై 1 నాటికి ఉన్న డీఏ (కరువు భత్యం) మూలవేతనంలోనే కలిసిపోయి ఉంది. కేంద్రం స్కేళ్లు 2016 జనవరి 1 నుంచి నడుస్తున్నవి, అప్పటి నుంచి పెరిగిన డీఏ అంతా విడిగా పైన ఉంటుంది. అప్పటికి కేంద్రంలో డీఏ 46 శాతం, రాష్ట్రంలో 26.39 శాతం. ఇంకేముంది, 330 అనుకున్న తేడా ఒక్క గీతలో వేలల్లోకి పోయింది.

నా పేజీ ఇలా వచ్చింది: మూలవేతనం 44,900, డీఏ 20,654. గాంధీధామ్ జెడ్ తరగతి, అంటే అద్దె భత్యం లెక్కలో చిన్న ఊళ్ల తరగతి పట్టణం కనుక ఇంటి అద్దె భత్యం 9 శాతం చొప్పున 4,041. రవాణా భత్యం 1,800, దాని మీద డీఏతో కలిపి 2,628. మొత్తం 72,223. అక్క పేజీలో 44,570, డీఏ 11,762, పల్లెటూరికి 10 శాతం అద్దె భత్యం 4,457. మొత్తం 60,789. పెన్షను కోసం మూలవేతనం, డీఏల మీద 10 శాతం ఇద్దరికీ కోతే. వృత్తి పన్ను రెండు రాష్ట్రాల్లోనూ నెలకు 200. నాకు చేతికి 65 వేల పైచిలుకు వస్తుందని తేలింది. ఫోను చేసి చెబితే అక్క కాసేపు ఆగి, "మరి హైదరాబాదులో వేసి ఉంటే?" అంది. ఓడిపోయే మనిషి కాదు.

ఆ లెక్కా వేశాను. హైదరాబాదు ఎక్స్ తరగతి, అంటే పెద్ద నగరాల తరగతి. అదే ఉద్యోగానికి అక్కడ అద్దె భత్యం 27 శాతం, అంటే 12,123. రవాణా భత్యం కూడా రెట్టింపు. మొత్తం 82,933. గాంధీధామ్ కన్నా 10,710 ఎక్కువ. మొదట గుండె కలుక్కుమంది. తరువాత ఇల్లు వెతికినప్పుడు తెలిసింది అసలు సంగతి. హైదరాబాదులో స్నేహితురాలు ఉంటున్న రెండు పడకగదుల ఇంటికి అద్దె 16,000. నాకు గాంధీధామ్‌లో దొరికినది 8,500. భత్యం పోను ఆమె జేబులోంచి పడేది దాదాపు 3,900, నా జేబులోంచి దాదాపు 4,500. అంటే ఇంటి అద్దె విషయంలో పెద్ద నగరానికీ చిన్న ఊరికీ తేడా ఆరు వందలు కూడా లేదు. మిగతా తేడాను ఆమె బస్సులోనూ ట్రాఫిక్‌లోనూ ఖర్చుపెడుతోంది. నేను స్కూటరు మీద పది నిమిషాల్లో బడికి చేరుతున్నాను.

ఇంతవరకూ లెక్క నాకు అనుకూలంగానే ఉంది. అసలు బరువు తరువాతి పేజీలో పడింది. మావారు గుంటూరులో ఒక విత్తనాల కంపెనీలో అమ్మకాల పని చేస్తారు, 32,000. ఆయన ఉద్యోగం మానేసి వస్తే నాకు పెరిగే 41 వేలలో 32 వేలు అక్కడే పోతాయి. మానకపోతే రెండు కాపురాలు. ఒక మనిషి జీతాన్ని ఇంకో మనిషి జీతంతో పోల్చటం నేర్చుకున్నాం కానీ, ఒక ఇంటి రాబడిని అదే ఇంటి రేపటి రాబడితో పోల్చాలని ఎవరూ చెప్పలేదు. చివరికి కొంతకాలం ఆయన గుంటూరులోనే ఉండేటట్టు, నేనూ పాపా అత్తయ్యా వెళ్లేటట్టు నిర్ణయించుకున్నాం.

కాగితాల పని గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ ఒకటే: ధ్రువపత్రాల పరిశీలన, ప్రభుత్వ వైద్యుడి దగ్గర ఆరోగ్య పరీక్ష, నడవడిక పత్రం, పాత పాఠశాల నుంచి రిలీవింగ్ ఉత్తరం. ఒక పత్రంలో మాత్రం కలం ఆగింది. స్వస్థలం ఏదో ప్రకటించమన్నారు. కొత్తగా చేరినవారికి ప్రయాణ రాయితీ మీద నాలుగేళ్లలో మూడుసార్లు ఆ ఊరికే వెళ్లే వీలుంటుంది. అమ్మ ఉండే నరసరావుపేట రాయాలా, మేమున్న గుంటూరు రాయాలా? నరసరావుపేటే రాశాను. ఉద్యోగంలో చేరటానికి వెళ్లే మొదటి ప్రయాణం ఖర్చు మాత్రం మనదే. పెన్షను ఖాతా సంఖ్య రావటం, వివరాలు నమోదు కావటం అన్నీ ముగిసి మొదటి జీతం రెండో నెలలో చేతికి వచ్చింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. రెండు నెలల ఖర్చు చేతిలో పెట్టుకోకుండా బయలుదేరకండి.

సామాను విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని స్కూటరు. దాన్ని పెట్రోలు తీయించి, గోనెపట్టా చుట్టించి, రైల్లో పార్సిలు చేశాం. గుంటూరు రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకున్నాం. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి నడిపితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషను, మళ్లీ పన్ను. ఏడేళ్ల పాత బండికి అదంతా అవసరమా? అమ్మేసి అక్కడ ఇంకొకటి కొనుక్కుంటే సరిపోయేది. గ్యాసు పని దీనికంటే సులువు. సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి డిపాజిట్ వెనక్కి తీసుకుని, ఆ కాగితంతో అక్కడ కొత్త కనెక్షను తీసుకున్నాం.

విశాఖపట్నం నుంచి గాంధీధామ్‌కు వారానికి ఒక్క రైలు ఉంది, విజయవాడ మీదుగా పోతుంది. అందులో మాతో పాటు పాతిక కిలోల సోనామసూరి, గుంటూరు కారం, ఆవకాయ జాడీ, చింతపండు వచ్చాయి. మా అత్తయ్య రోలు కూడా తెస్తానన్నారు. ఆపగలిగాను.

ఇల్లు దొరకటానికి పదకొండు రోజులు పట్టింది. వెళ్లిన ప్రతిచోటా అద్దె కన్నా ముందు "మాంసం వండుతారా?" అని అడిగారు. వండమని అబద్ధం చెప్పటం ఇష్టం లేక మూడు మంచి ఇళ్లు వదులుకున్నాను. చివరికి ఒక సింధీ పెద్దావిడ, "మేమూ చేపలు తింటాం, నూనె వాసన మెట్ల మీదికి రానివ్వకు చాలు" అని తాళం చేతిలో పెట్టారు. గాంధీధామ్ పుట్టిందే దేశ విభజనలో సింధు నుంచి వచ్చినవారి కోసం. కచ్ మహారావు 15,000 ఎకరాలు ఇస్తే భాయ్ ప్రతాప్ అనే ఆయన పూనుకుని కట్టించిన ఊరు. ఆవిడ మామగారు ఒక ట్రంకుపెట్టెతో వచ్చారట. నేను రైల్లో తెచ్చుకున్న పదిహేడు సామాన్లు చూసి ఆవిడ నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

ఖర్చులు కొన్ని తగ్గాయి, కొన్ని ఊహించని చోట పెరిగాయి. వేరుసెనగ నూనెకు పుట్టినిల్లు లాంటి రాష్ట్రం కనుక నూనె మంచిది దొరికింది. పాలకు ఇబ్బందే లేదు. నీళ్లు ఉప్పగా ఉంటాయి, తాగటానికి డబ్బాలు కొనాల్సిందే. గోంగూర కనిపించదు. పప్పులో బెల్లం వేస్తారని తెలిసే వెళ్లాను కానీ, బడిలో అల్పాహారానికి పెట్టిన పప్పు నోట్లో పెట్టుకున్నాక తెలియటం వేరు. మార్చి నుంచే కూలరు, మే వస్తే ఏసీ. కరెంటు బిల్లు గుంటూరులో కన్నా తక్కువేమీ రాలేదు.

తరగతి గది ఇంకో పాఠం. చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు ప్రాథమిక నుంచి రాష్ట్రభాష దాకా రాశాను, ఆ ధైర్యంతోనే వెళ్లాను. మొదటి వారం విద్యుత్ వలయం పాఠంలో బల్బును స్త్రీని చేశాను, బ్యాటరీని పురుషుణ్ని చేశాను. ఏడో తరగతి పిల్లలు మర్యాదగా తలలు దించుకుని నవ్వారు. ఒక అమ్మాయి మరునాడు నల్లబల్ల పక్కన రెండు వరుసల్లో సైన్సు మాటల లింగాలు రాసి పెట్టింది. అంతకన్నా మంచి శిక్షణ నాకు ఎవరూ ఇవ్వలేదు.

పాప రెండో తరగతి. నేను పనిచేసే విద్యాలయంలోనే చేరింది. పిల్లల చదువు భత్యం అప్పటికి నెలకు 2,250, ఏడాది అయ్యాక ఒకేసారి వస్తుంది. పట్టికలో అది రాబడి వైపు రాశాను. కానీ అక్కడ తెలుగు లేదు. ఆరు నెలలకు పాప 'ఱ' సంగతి సరే, 'ళ' కూడా మరిచిపోయింది. రోజూ రాత్రి అత్తయ్య అరగంట తెలుగు చెబుతున్నారు. దీన్ని ఏ వైపు రాయాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలేశాను.

2024 జనవరి నుంచి డీఏ 50 శాతం అయింది. దాంతో అద్దె భత్యం కూడా జెడ్ పట్టణాలకు 10 శాతానికి పెరిగి, నా మొత్తం 74,540కి చేరింది. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. కానీ నెలాఖరున మిగిలేది 26 వేలు దాటటం లేదు. ఇద్దరికీ కలిపి 99 వేలు పైన వస్తున్నా అంతే. గుంటూరు ఇంటి అద్దె 9,000, మావారి కర్రీ పాయింటు భోజనం, ఆయన నెలన్నరకొకసారి వచ్చిపోయే ఖర్చు, అటూ ఇటూ రెండు కరెంటు బిల్లులు. జీతం పెరిగిన చోట కాదు, మేం విడిపోయిన చోట డబ్బు కారిపోతోంది.

ఆ ఏడాది ఆగస్టులో ఆయన ఉద్యోగం మానేసి వచ్చేశారు. కాండ్లా రేవు వైపు ఒక గిడ్డంగిలో లెక్కల పని దొరికింది, 22,000. బంధువులు చాటుగా ఏమన్నారో నాకు తెలుసు. మా ఇంటి రాబడి పది వేలు తగ్గింది. మిగిలేది మాత్రం పది వేలు పెరిగింది. నోటుబుక్కులో ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి ఆయనకు చూపించాను. ఆయన వాటిని చూడకుండా, "ఇక ఆ బెల్లం పప్పు నేనూ తినాలా?" అని అడిగారు.

అక్క చెప్పిన డీఎస్సీ 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో వచ్చింది, ప్రభుత్వం మారాక రద్దయింది. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మళ్లీ వచ్చింది. అదే రోజు మధ్యాహ్నం అక్క ఫోను. "ఈసారైనా రాయవే. అమ్మ మోకాళ్లు చూశావా? నువ్వు జిల్లాలో ఉంటే ఎంత బాగుంటుంది" అంది. రాత్రి నోటుబుక్కు తీశాను. ఒక ఇంక్రిమెంటుతో నా మూలవేతనం 46,200, డీఏ 55 శాతం, రెండూ కలిపి 71,610. అక్కడ కొత్తగా చేరితే 44,570, డీఏ 33.67 శాతం, కలిపి 59,577. అద్దె భత్యం జోలికి పోకుండానే 12,033 తేడా. అమ్మ మోకాళ్లకు ఆ పట్టికలో గడి లేదు. నరసరావుపేట నుంచి అక్క ఊరికి ఇరవై కిలోమీటర్లు, ప్రతి ఆదివారం అక్క అమ్మ దగ్గర మజ్జిగ తాగి వస్తుంది. దానికీ గడి లేదు.

మూడు రోజులు ఆలోచించి దరఖాస్తు చేయలేదు. అక్కకు ఆ సంగతి నేరుగా చెప్పలేకపోయాను. వేసవి సెలవులకు నలుగురం వస్తున్నామని, టికెట్లు వెయిటింగ్ లిస్టులో 23 నుంచి 26 వరకు ఉన్నాయని చెప్పాను. "అయితే గోంగూర ఎండబెట్టి ఉంచమంటావా, పచ్చడి చేసేయమంటావా?" అంది అక్క.