రాయలవారి టోపీలో మోకాలి ఎక్స్‌రే

నేను రోజూ కుట్టేవి జాకెట్లు. విశాఖ మర్రిపాలెంలో మా ఫ్లాటు ముందు గదిలోనే నా మెషీను. ఫాల్సు, పికో, పిల్లల యూనిఫారాలు పొడుగు చెయ్యడం, బిగుతైన చుడీదార్లు విప్పి వదులు చెయ్యడం, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. అలాంటి నన్ను డిసెంబరు మూడో వారంలో అపార్ట్‌మెంట్ కమిటీ వాళ్లు పిలిచి, "భోగి రోజు సాయంత్రం మేడ మీద భువనవిజయం వేస్తున్నామమ్మా, బట్టలు నువ్వే కుట్టాలి" అన్నారు. అంటే శ్రీకృష్ణదేవరాయల కవుల కొలువు నాటకం. రాయలవారొకరు, ఆయన ఆస్థాన కవులు అష్టదిగ్గజాలు ఎనిమిది మంది, వెరసి తొమ్మిది జతలు. అప్పటికే పండగ జాకెట్లు బల్ల మీద గుట్టగా పడి ఉన్నాయి. అయినా ఒప్పేసుకున్నాను. మగవాళ్ల బట్టలు కదా, హుక్కులు కుట్టక్కర్లేదు అన్న ఆశ ఒక్కటే.

సెక్రటరీ అన్నయ్యగారు ఫోన్లో ఒక బొమ్మ చూపించారు. ఎర్ర వెల్వెట్ కోటు, బంగారు రంగు శాటిన్ పైజమా, భుజాల మీద స్పాంజి పెట్టి లేపిన బొడిపెలు. "ఇలా మెరిసిపోవాలి" అన్నారు. రెండో అంతస్తు మాస్టారు పక్కనే ఉన్నారు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, పెద్దన వేషం ఆయనదే. కళ్లజోడు పైకి జరిపి చూసి, "ఇది రాయలవారి కొలువా, పెళ్లి బ్యాండ్‌మేళమా?" అన్నారు.

మర్నాడు ఆయనే ఒక జిరాక్స్ కాగితం తెచ్చారు. డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు 1520 ప్రాంతంలో హంపీ విజయనగరంలో రాయలవారిని కళ్లారా చూసి రాసుకున్నది. రాజు ఒంటి మీద తెల్లటి బట్టలు, వాటి మీద బంగారంతో కుట్టిన గులాబీలు, మెడలో వజ్రాల నగ, తల మీద జరీ టోపీ. కాళ్లకి చెప్పుల్లేవు. "ఇందులో వెల్వెట్ ఎక్కడుందో చూపించండి" అని మాస్టారు, "జనం చూసేది మెరుపు సార్" అని సెక్రటరీగారు, అలా ఓ గంట నడిచింది. నాకు మాత్రం తెల్లబట్ట అన్న మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. వెల్వెట్ మెషీను కింద పెడితే పై పొర ఒక దారి, కింది పొర ఒక దారి. చివరికి వెల్వెట్ సింహాసనం మీద పరిచేలా రాజీ కుదిరింది.

తలకి పెట్టేది కుళ్లాయి, ఒంటికి తొడిగేది కబాయి. పారసీకుల కులా మన కుళ్లాయి అయిందట, అరబ్బుల కబా మన కబాయి అయిందట. విజయనగరం కొలువులో మర్యాదైన దుస్తులంటే ఇవే. రాయలవారికి దాదాపు వందేళ్ల ముందే శ్రీనాథుడు కన్నడ రాజు దర్శనం కోసం వెళ్లి, కుళ్లాయి పెట్టుకుని, కోక చుట్టుకుని, పెద్ద కూర్పాసం తొడుక్కుని నానా అవస్థా పడ్డానని వాపోయిన చాటువు ఉంది కదా. కూర్పాసమంటే పొడుగు చొక్కాలాంటిదే. "అంతటి కవిసార్వభౌముడికే ప్రాణం మీదికొచ్చింది, మాకు కాస్త వదులుగా కుట్టమ్మా" అన్నారు మాస్టారు నవ్వుతూ. ఆ మాట నేను అప్పుడే చెవిన పెట్టాల్సింది.

వన్‌టౌన్ వెళ్లి తెల్ల మల్లు గుడ్డ తెచ్చాను. 44 అంగుళాల పన్నా, మనిషికి మూడున్నర మీటర్ల లెక్కన 32 మీటర్లు, మీటరు 90 రూపాయలు. మొత్తం తడిపి బాల్కనీలో ఆరేస్తే కింద ఫ్లాటావిడ "ఏంటండీ, షామియానా వేస్తున్నారా?" అని పైకొచ్చి మరీ అడిగింది.

మొదటి కబాయి మాస్టారిదే కోశాను. చెయ్యి అలవాటు మహా చెడ్డది. చాక్‌పీసు పట్టుకోగానే నాకు తెలియకుండానే చంక దగ్గర గుండ్రంగా గీత పడిపోయింది, జాకెట్టుకి గీసినట్టే. భుజం దగ్గర ముడత లేకుండా అతికినట్టు కూర్చుంది. అద్దంలో చూసుకుని మాస్టారు కూడా మురిసిపోయారు. ఆ రాత్రి రిహార్సల్లో పద్యం ఎత్తుకున్నారు. రాగం సాగిన కొద్దీ కుడి చెయ్యి పైకి లేస్తోంది. ఆ చెయ్యితో పాటు కబాయి మొత్తం మోకాళ్ల మీంచి నడుము దాకా లేచింది. ఆఖరి పాదంలో చెయ్యి ఇంకాస్త విసిరేసరికి 'పర్ర్'మని చంక కింద జానెడు చిరిగింది. మాస్టారు పద్యం ఆపలేదు. చిరిగిన చోటు నుంచి గోధుమరంగు స్వెట్టరు కనిపిస్తూనే ఉంది. విశాఖలో 18 డిగ్రీలకే మంకీ క్యాపులు బయటికి తీసే జనం మేము, పల్చటి మల్లు గుడ్డ కింద స్వెట్టరు లేకుండా ఎవరుంటారు?

నాకు నిద్ర పట్టలేదు. ఇరవై రెండేళ్ల పనిమీద ఒక పద్యం నీళ్లు చల్లింది. పొద్దున్నే అటక మీద ట్రంకుపెట్టెలోంచి మా నాన్న పాత లాల్చీ తీశాను. ఎన్నిసార్లు ఉతికి మడతపెట్టానో, దాని చంక కింద ఏముందో ఒక్కసారీ చూడలేదు. అక్కడ నాలుగంగుళాల చదరపు ముక్క ఒకటి ఉంది. ఒక మూల ఒంటి వైపు, ఎదురు మూల చేతి వైపు, వజ్రం ఆకారంలో నిలబెట్టి కుట్టారు. చెయ్యి దించితే ముక్క మడతపడి లోపలికి పోతుంది, ఎత్తితే విచ్చుకుంటుంది. కింది అంచు అంగుళం కూడా కదలదు. మిగతా లాల్చీలో వంపు కోతే లేదు. ఒళ్లు ఒక నిలువు పట్టీ, చెయ్యి ఒక పట్టీ, పక్కల ఘేరా కోసం త్రికోణం ముక్కలు. అన్నీ నిటారు గీతలే, గుడ్డ బెత్తెడు కూడా వృథా పోదు.

చదరం మూల దగ్గర కుట్టడం మాత్రం చెప్పినంత తేలిక కాదు. మూల సరిగ్గా కుట్టు చివర కూర్చోవాలి. ఒక్క టాకా ముందుకెళితే పిట్ట ముక్కులా ముడత పడుతుంది. మొదటి నాలుగూ విప్పి కుట్టాను. ఐదోది కుదిరాక మాస్టారిని పిలిచి, రెండు చేతులూ ఎత్తించి, సీసపద్యం మొత్తం చదివించాను. కబాయి కదల్లేదు. ముందు భాగం ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టి పక్కన బొందులు వేశాను. గుండీల్లేవు, కాజాల్లేవు. బొందుల్లో ఇంకో సుఖం ఉంది. ధూర్జటి వేసే ఆయన స్వెట్టరు వేసుకున్నా విప్పేసినా నేను మళ్లీ కొలతలు తియ్యక్కర్లేదు.

గులాబీల సంగతి మా అమ్మాయి తేల్చింది. బెండకాయ తొడిమ వైపు అడ్డంగా కోస్తే ఐదు రేకుల పువ్వు వస్తుంది. గోల్డ్ ఫ్యాబ్రిక్ పెయింట్లో ముంచి అద్దడమే. కొయ్యగానే అద్దితే జిగురుకి రంగు జారి మచ్చ అయిపోతుంది. కోసి అరగంట గాలికి ఆరనిచ్చి, గుడ్డతో తుడిచి అద్దాలి. ఒక బెండకాయ పది పువ్వుల దాకా ఆగుతుంది, తర్వాత మెత్తబడుతుంది. రాయలవారి కబాయికి 140 పువ్వులు వేశాం. మర్నాడు తిరగేసి ఇస్త్రీ చేస్తే రంగు నిలిచింది. పేస్ దొర చూస్తే గులాబీ అంటాడో లేదో గానీ, పది అడుగుల దూరం నుంచి బాగానే ఉంది.

ఇక కుళ్లాయి. తిరుమల వెళ్లినప్పుడల్లా మహాద్వారం లోపల ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ రాయలవారి విగ్రహం చూస్తూనే ఉన్నాను. లేపాక్షి పైకప్పు బొమ్మల్లోనూ మగవాళ్ల తల మీద అలాంటి పొడుగు టోపీలే. కుట్టాల్సి వచ్చేదాకా అది ఎలా నిలబడుతుందన్న అనుమానమే రాలేదు. కాలర్లలో వేసే బక్రం గుడ్డ రెండు పొరలు వేసి, గంజి దట్టంగా పట్టించి, ఎండలో పెడితే కొబ్బరిచిప్పలా గట్టిపడింది. అనుమానం వచ్చి ఒక రాత్రి మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన వదిలేశాను. ధనుర్మాసపు మంచు, పైగా సముద్రం గాలి. తెల్లారి చూస్తే ముందుకి వంగి వాలిపోయి ఉంది. వాచ్‌మన్ భార్య శ్రీకాకుళం పిల్ల, హెమ్మింగ్ అంతా తనే చేసింది. చూసి, "ఇదేటక్కా, ఆనపకాయకి తొడుగు కుట్టినావేటి?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది ఎక్స్‌రే ఫిల్ము. తడవదు, చుడితే నిలబడుతుంది. మావయ్యగారి మోకాలివి రెండు ఇంట్లోనే ఉన్నాయి. మిగతావాటి కోసం అపార్ట్‌మెంట్ గ్రూపులో "పాత ఎక్స్‌రేలు ఉంటే ఇవ్వగలరు" అని పెట్టాను. ముందు పది నిమిషాలు 'ఎవరికేమైంది' అని ఫోన్లే ఫోన్లు. రాత్రికి 14 ఫిల్ములు వచ్చాయి. రొమ్ములు, వెన్నుపూసలు, ఒక పాపది విరిగిన ముంజేయి. ఫిల్మును మెషీను మీద కుడితే చిల్లుల వెంబడి చిరిగిపోతుంది. అందుకని అంచున మాత్రం గోనెసూదితో దూరం దూరంగా పొడిచి పురికొసతో కట్టాను. పైన పట్టు ముక్కలు తొడిగాను. ఇన్నేళ్లుగా జాకెట్లలో మిగిలిన పట్టు ముక్కల సంచి ఒకటి ఉంది నా దగ్గర. అది ఎందుకు దాచానో అప్పటికి గానీ తెలియలేదు. ఆ సంచే నా కొంప ముంచుతుందనీ తెలియలేదు.

భోగి సాయంత్రం మేడ మీద నూట యాభై మంది దాకా ఉన్నారు. మాస్టారు నాటకంలో సింహాచలం ముచ్చట కూడా చేర్చారు. మా ఇంటి నుంచి పది కిలోమీటర్లు కూడా ఉండదు ఆ కొండ. కళింగం మీదికి దండెత్తి వచ్చినప్పుడు రాయలవారు 1516లో ఒకసారి, 1519లో ఒకసారి అప్పన్న దర్శనం చేసుకున్నారని అక్కడి శాసనాలు చెబుతున్నాయి. స్వామికి 991 ముత్యాల హారం సమర్పించారట. మా రాయలవారి చేతిలో ఉన్నది కురుపాం మార్కెట్ పూసలు, లెక్కకి 99. ఆ హారం రెండు చేతులా పైకెత్తి చూపిస్తుంటే నా కళ్లు ముత్యాల మీద లేవు, చంకల మీదే ఉన్నాయి. కుట్టు కదల్లేదు.

సరిగ్గా అప్పుడే నాలుగో అంతస్తు అమ్మాయి లేచి, "తిమ్మనగారి టోపీ నా పెళ్లి జాకెట్టు గుడ్డే!" అని అరిచింది. ఆ వెనకే ఇంకొకావిడ, "రామకృష్ణుడిది నాది!" అంది. మూడో ఆవిడ అరవలేదు. నా వైపు తిరిగి, మెల్లగా, "గుడ్డ మిగల్లేదన్నావు కదూ?" అంది. నేను వేదిక వైపు చూస్తూ చప్పట్లు కొట్టాను.

రాయలవారి తర్వాత రాజైన ఆయన తమ్ముడు అచ్యుతరాయల కాలంలో హంపీ విజయనగరంలో ఉన్న నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి, రాజు ఒకసారి విడిచిన బట్ట మళ్లీ తొడగడని రాశాడట. మా రాయలవారు బ్యాంకు ఉద్యోగి. కనుమ నాడు పొద్దున్నే లుంగీ మీద ఆ గులాబీల కబాయి వేసుకుని మటన్ కొట్టు లైన్లో నిలబడ్డారు. "ఇంత హాయిగా ఉందేంటమ్మా, ఇంకో రెండు కుట్టిపెట్టు, పువ్వులొద్దు" అన్నారు.

కుళ్లాయిలు కమిటీ గది బీరువాలో పెట్టాం. వారం తిరక్కుండా మావయ్యగారికి మోకాలి చెకప్ వచ్చింది, పాత ఫిల్ములు తీసుకురమ్మన్నారు. రాయలవారి కిరీటం విప్పి, జరీ పోగులు దులిపి, ఫిల్ములు ఇస్త్రీ బల్ల కింద పెట్టి సాపు చేసి పట్టుకెళ్లాం. డాక్టరు లైటుకి ఆనించి చాలాసేపు చూశాడు. మోకాలు బాగానే ఉందన్నాడు. తర్వాత ఫిల్ము అంచు వెంబడి వేలు పోనిచ్చి, "అవును గానీ, ఈ చిల్లులేంటండీ?" అన్నాడు.