మహేంద్రగిరి కింద కంచెల మాట

పలాసలో పాసింజరు దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు. జీడిపప్పు బట్టీల వాసన ప్లాట్‌ఫారం దాకా వస్తోంది. అక్కణ్ణించి మందసకి ఆటో. దారంతా జీడితోటలూ కొబ్బరిచెట్లూ, ఎదురుగా నీలంగా మహేంద్రగిరి. మందస అంటే వాసుదేవస్వామి గుడి, కోవా అందరికీ తెలుసు. నన్ను అక్కడికి రప్పించింది మాత్రం ఒక వెల్డరు.

ఉద్దానం కుర్రాళ్లు పని నేర్చుకుని దేశాలు పట్టుకుపోవడం కొత్తేమీ కాదు. ఈయన దక్షిణాఫ్రికా వెళ్లి, ఒక ప్రైవేటు సింహాల రిజర్వులో ఏళ్ల తరబడి కంచె పని చేసి వచ్చాడు. ఇప్పుడు కొండ కింద వాళ్ల తాతలనాటి జీడితోట చూసుకుంటున్నాడు. ఆ పక్కనే నా స్నేహితుడికీ కొంత భూమి ఉంది. అందులో చిన్న పులుల పార్కు పెడితే ఎలా ఉంటుందని వాడు నన్ను చాలాకాలంగా అడుగుతున్నాడు. ఆ లోపలి సంగతులు కళ్లారా చూసిన మనిషి నోట వినాలని వెళ్లాను.

"సింగాల్ని సూసినోళ్లు టూరిస్టులు బాబూ. మాం సూసింది కంచెనే," అన్నాడాయన, చెట్టు కింద నులకమంచం వాలుస్తూ. "తెల్లారగట్ల బండెక్కితే ఆ సివరికంటా ఎల్లి రావాల. ఎక్కడ తీగ తెగినాది, ఎక్కడ కరెంటు తగ్గినాది, ఎక్కడ పంది కన్నం ఎట్టినాది... అదే డూటీ."

పుల్లతో నేల మీద గీసి చూపించాడు. దాదాపు ఎనిమిది అడుగుల ఎత్తు కంచె, లోపలివైపు కరెంటు తీగలు. అడుగున జాలీని నేల మీదికి పరిచి రాళ్లు పేర్చాలట. లేకపోతే కోరల పందులు తవ్వేస్తాయి. "ఆ కన్నంలో పంది ఎల్తే పర్లేదు. దాని ఎనకాల సింగం ఎల్తాది."

ఇలాంటి రిజర్వులు చేసిన మేలు చిన్నది కాదు. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్‌లో ఫిండా అనే చోట 1991కి ముందు ఉన్నవి అనాసతోటలూ పశువుల ఫారాలూ. ప్రైవేటు డబ్బుతో ఆ నేలని అడవి చేసి, మరుసటి ఏడే సింహాల్నీ చీతాల్నీ వదిలారు. 2023 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్‌లోని మన కూనో అడవికి దక్షిణాఫ్రికా పంపిన పన్నెండు చీతాల్లో కొన్ని అక్కడివే. ఒకప్పటి అనాసతోట మన దేశానికి చీతాల్ని ఇచ్చిందంటే, ఆ పని చేసినవాళ్లకి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

కానీ చోటు చిన్నదైతే కష్టాలు వేరు. కంచె లోపల సింహాలు త్వరగా పెరుగుతాయి, జింకలు తరుగుతాయి. ఆడవాటికి పిల్లలు పుట్టకుండా మందు పెట్టాలి. మగవాటిని, ఊళ్లో ఆంబోతుని మార్చినట్టు, ఇంకో రిజర్వుతో మార్చుకోవాలి. లేకపోతే తండ్రీకూతుళ్లే జతకడతాయి. తెల్లపులుల విషయంలో మనుషులు కావాలనే ఆ పని చేశారు. 1951లో రేవాలో పట్టిన మోహన్ అనే పులిని దాని కూతురితోనే జత చేసి ఆ రంగు నిలబెట్టారు. మెల్లకన్నూ వంకర వెన్నూ ఆ సంతతిని ఇప్పటికీ వదల్లేదు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది యజమాని. అతనికి వయసు మీద పడుతుంది, అప్పు పడుతుంది, మనసు మారుతుంది. పులి బోనులో ఇరవై ఏళ్ల దాకా బతకగలదు, రోజుకి ఏడెనిమిది కిలోల మాంసం తింటుంది. 2011లో అమెరికాలోని జేన్స్‌విల్‌లో ఒకాయన తన బోనులన్నీ తెరిచేసి ప్రాణం తీసుకున్నాడు. ఊరి భద్రత కోసం పోలీసులు పద్దెనిమిది పులుల్నీ పదిహేడు సింహాల్నీ కాల్చేయాల్సి వచ్చింది. మన తణుకు నుంచి వెళ్లిన డాక్టరు ఒకాయన ఉక్రెయిన్‌లో జాగ్వార్‌నీ నల్లచిరుతనీ ప్రాణంగా పెంచుకున్నాడు. 2022లో యుద్ధం వచ్చిపడింది. వాటిని వదిలి రానని మొండికేసిన మనిషే, చివరికి వాటి తిండి ఖర్చు సంపాదించడం కోసం వాటిని వేరొకరికి అప్పజెప్పి దేశం దాటాడు. ఆయన ప్రేమలో లోటేమీ లేదు.

వెల్డరుతో ఈ మాటే అంటే తలాడించాడు. "దొర బావుంటే అన్నీ బావుంటాయి బాబూ. దొర పోనాడనుకో, కొడుక్కి ఆ సింగాలేటి సేసుకోవాలో తెల్దు." అలా దిక్కులేనివే సింహం పిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు దిగే చోట్లకీ, కంచెలోనే కాల్చే వేటకీ, ఎముకల బేరానికీ చేరతాయి. బోనుల్లో సింహాల్ని పెంచే వ్యాపారానికి స్వస్తి చెబుతామని దక్షిణాఫ్రికా ప్రభుత్వం 2021లో ప్రకటించింది.

మన దగ్గర సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు లేకుండా ఎవరూ పులిని ఉంచకూడదు. గుర్తింపు పొందిన చోట కూడా పులుల జతకి బయటి ఆవరణ కనీసం వెయ్యి చదరపు మీటర్లు ఉండాలి. పావు ఎకరం.

సాయంత్రం ఇద్దరం కొండ అంచున ఉన్న సవర గూడెం వైపు నడిచాం. పావు ఎకరం మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే 2023లో ఈ కొండల్లోకి ఒక పులి నడిచొచ్చింది. మహారాష్ట్రలోని బ్రహ్మపురి అడవుల్లోదని చారలు పోల్చి గుర్తుపట్టారు. నాలుగు రాష్ట్రాలు, సుమారు రెండు వేల కిలోమీటర్లు. అది ఎన్ని జీడితోటలూ చెరకు చేలూ రైలు పట్టాలూ దాటి ఉంటుందో! అలాంటి జీవికి పావు ఎకరం చూపించడానికి నాకు మనసొప్పలేదు.

గూడెంలో ఒక రైతు పులి దెబ్బకి ఆవుని పోగొట్టుకున్నాడు. గుంజకి పలుపు ముక్క ఇంకా ఉంది, తెగిన చోట పీచులు లేచి. పరిహారం కాగితాలు తిరుగుతున్నాయట. పులి మీద ఆయనకి కోపం లేదు. "దాని దారిలో అది ఎల్తాంది. మా ఆవు బయట కట్టీసున్నాది," అన్నాడు.

ప్రైవేటు భూమి ఉన్నవాళ్లు చేయగలిగింది ఇక్కడే ఉందని నాకు గట్టిగా అనిపించింది. కొడగులో మల్హోత్రా దంపతులు 1991లో యాభై అయిదు ఎకరాలు కొని, తర్వాత మూడు వందల ఎకరాల దాకా పెంచి, అడవిని అడవిగా వదిలేశారు. ఏ జంతువునీ బోనులో పెట్టలేదు. ఏనుగులూ పులులూ వాటంతటవే వచ్చిపోతుంటాయి. నా స్నేహితుడి భూమి కొండని ఆనుకునే ఉంది. ఆ అంచుని దున్నకుండా వదిలెయ్యమని రాత్రే ఫోన్ చేశాను. వాడు వెంటనే ఒప్పుకోలేదు, ఆలోచిస్తానన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెల్డరు టేపు పట్టుకుని మళ్లీ గూడేనికి బయల్దేరాడు. రైతు పశువుల పాకకి కొలతలు తీశాడు. చుట్టూ లావు ఊచల జాలీ, పైన కూడా జాలీ. "సిరుత పైనుంచి దిగుతాది బాబూ, కప్పు ఒగ్గీకూడదు." కూలి వద్దన్నాడు. ఇనుము ఖర్చులో నా వంతు ఇచ్చి పలాస ఆటో ఎక్కాను. వానలు పడేలోపు ఆ పాక అయిపోవాలి, తర్వాత ఇంకో నాలుగు ఇళ్లవాళ్లు అడుగుతున్నారు.